తలాంతు తూకమెంత?

మా గ్రామ సంఘములో మేమిద్దరము, భార్యాభర్తలము, ఇరవై రెండు సంవత్సరములుగా సండేస్కూలు చెబుతున్నాము. ఇన్ని సంవత్సరములలో పిల్లలు వేసిన ప్రశ్నలకు ఏదో ఒక జవాబు చెప్పి బయటపడుతూ వచ్చాము. యోనాను మింగిన చేప ఏ రకమని అడిగినా, ఓడలో నోవహు కుటుంబము ఏ కూర వండుకున్నదని అడిగినా మేము తడుముకోలేదు. కాని గత సంవత్సరము జూలైలో ఒక ఆదివారము మత్తయి 25వ అధ్యాయములోని ఉపమానము చెబుతుండగా, నాలుగవ తరగతి చదివే ఒక పాప లేచి నిలబడి, "మాస్టారూ, ఐదు తలాంతులంటే ఐదు పాటలొచ్చినట్టాండీ?" అని అడిగింది.

పిల్లలందరూ నవ్వారు. మేమూ నవ్వాము. ఇంటికి వచ్చాక మాత్రము నవ్వు రాలేదు. ఆ పాప తప్పేమున్నది? మన సంఘాలలో తలాంతు అంటే పాటే కదా! క్రిస్మస్ ముందు జరిపే తలాంతుల పోటీలలో పాడేవారికి, కంఠత వాక్యములు అప్పజెప్పేవారికి, వక్తృత్వములో గెలిచినవారికి బహుమానములు ఇస్తాము. "ఆ అమ్మాయికి మంచి తలాంతున్నది" అంటే గొంతు బాగుంటుందని అర్థము. బడికి వెళితే అక్కడ టాలెంట్ టెస్టు. టీవీ పెడితే టాలెంట్ షో. పట్నపు ప్రైవేటు బడుల వారు ఎండాకాలములో ఊరూరా పంచే కాగితాలలో కూడ మొదటి మాట టాలెంటే. ఆంగ్లము రానివారు కూడ దినమునకు ఒకసారైనా పలికే మాట ఇది. అయితే ఆ దాసులకు యజమానుడు ఇచ్చినది ఏమిటి? మాకు తెలియదు. ఇరవై రెండు సంవత్సరములు చెప్పినవారికి తెలియదు!

మా అయ్యగారిని అడిగితే ఆయన తన బైబిలు నిఘంటువు ఇచ్చి, "చదువుకొని నాకు కూడ చెప్పండి" అన్నారు. వారము దినములు రాత్రి భోజనములయ్యాక ఇద్దరము దానిని ముందు పెట్టుకొని కూర్చున్నాము. కాగితము మీద లెక్కలు వేసుకున్నాము. అందులో కొంత ఇక్కడ వ్రాస్తాము.

తలాంతు మొట్టమొదట ఒక తూకము. గ్రీకు భాషలో ఈ మాటకు త్రాసు అని కూడ అర్థమున్నది. పూర్వకాలపు హోమరు కవి తన ఇలియడ్ కావ్యములో వారి దేవతల రాజు బంగారు త్రాసు పట్టుకొని మనుష్యుల గతులను తూచినట్టు వ్రాశాడు. అక్కడ త్రాసుకు వాడిన మాట ఇదే. త్రాసు నుండి తూకమునకు, తూకము నుండి అంత తూగే వెండికి లేక బంగారమునకు ఆ పేరు వచ్చింది. దేశమును బట్టి, కాలమును బట్టి ఆ తూకము మారింది. గ్రీసు దేశపు ఏథెన్సు పట్టణములో తలాంతు సుమారు 26 కిలోలు. యూదుల లెక్కలో 3000 తులములు, అనగా షెకెళ్ళు. ఇది నిర్గమకాండము 38వ అధ్యాయములోని లెక్కను కూడి చూస్తే తేలుతుంది. మొత్తము సుమారు 34 కిలోలని పండితులు అంటారు. కిలోలు రాకముందు మన జిల్లాలలో మణుగు అంటే ఎనిమిది వీశెలు, సుమారు 11 కిలోలు. అంటే మన పెద్దల లెక్కలో తలాంతు మూడు మణుగులు. పాత నిబంధనను తెలుగు చేసినవారు ఈ తూకములను మణుగులు, వీసెలు అని మన కొలతలలోనికి దింపారు. మత్తయి సువార్తలో మాత్రము తలాంతు అన్న మాటనే ఉంచారు. ఉంచినందువలననే మనము దానిని పాట అనుకునే వీలు కలిగింది కాబోలు!

ఆడవారికి నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. షెకెలు సుమారు పదకొండున్నర గ్రాములు. మన బంగారపు తులము కూడ ఇంచుమించు అంతే, 11.66 గ్రాములు. తులము, తుల, తూకము చూచే త్రాసు, ఇవన్నీ సంస్కృతములో ఎత్తుట, తూచుట అన్న ఒకే ధాతువునకు చేరిన మాటలు. గ్రీకువారి తలాంతు కూడ ఆ వేరు నుండే మొలిచిందని భాషాశాస్త్రము చదివినవారు చెబుతారు. అంటే మన మెడలోని రెండు తులాల గొలుసు, ఉపమానములోని తలాంతు దూరపు చుట్టాలన్నమాట. ఈ ముక్క స్త్రీల సమాజములో చెబితే ఒక పెద్దమ్మగారు గొలుసు తడుముకొని, "అయితే ఇంకా రెండువేల తొమ్మిదివందల తొంబది ఎనిమిది తులాలు కావాలన్నమాట" అన్నారు.

ఈ తూకము తెలిశాక పాత కథలు కొన్ని మాకు కొత్తగా కనబడ్డాయి. రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయములో నయమాను వద్ద గేహజీ ఆశపడి రెండు తలాంతుల వెండి తీసుకుంటాడు. ఆ వెండిని రెండు సంచులలో కట్టి ఇద్దరు పనివారు మోసుకొని వచ్చారని అక్కడ ఉన్నది. ఇద్దరెందుకని మేము ఎన్నడూ ఆలోచించలేదు. ఒక్కొక్క తలాంతు ఒక మనిషి మోత! ఇంకొకటి. లూకా 19వ అధ్యాయములో ఇటువంటి ఉపమానమే ఉన్నది, అక్కడ ఇచ్చినవి మినాలు. తలాంతులో అరువదవ వంతు మినా, అరకిలోకు కొంచెము ఎక్కువ. అక్కడి దాసుడు దానిని రుమాలులో కట్టి దాచాడు. మత్తయిలోని దాసుడు మాత్రము నేల త్రవ్వి పాతిపెట్టాడు. 34 కిలోలు రుమాలులో ఇముడుతాయా? ఆ దినములలో సొమ్ము భూమిలో పాతిపెట్టుటే పెద్ద జాగ్రత్తగా ఎంచేవారు. దొంగ ఎత్తుకొనిపోలేదు, నిప్పు కాల్చలేదు. మనము సోమరి అని పేరు పెట్టినవాడు నిజానికి చాలా జాగ్రత్తపరుడు, అంతకంటె ఎక్కువ భయస్థుడు.

ఒక్క తలాంతేనా అని మేము ఆ మూడవ దాసుని మీద జాలిపడేవారము. లెక్క వేశాక జాలి పోయింది. వెండి తలాంతు సుమారు 6000 దేనారములు. దేనారము ఒక కూలివాని దినకూలి అని మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలీల కథ వలన తెలుస్తుంది. విశ్రాంతి దినములు, పండుగలు తీసివేసి సంవత్సరమునకు 300 దినములు పని దొరికినా, 6000 దినములంటే ఇరవై సంవత్సరముల కూలి! దినమునకు 500 రూపాయలు అనుకుంటే 30 లక్షలు. కూలి పనికి వెళ్ళే కుటుంబములలో ఎవరి చేతిలోనైనా ఒకేసారి 30 లక్షలు పెడితే వారు కూడ భయపడక ఏమి చేస్తారు? మత్తయి 18వ అధ్యాయములో పదివేల తలాంతుల అప్పు క్షమింపబడినవాడు, నూరు దేనారముల కొరకు తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. అవి ఆరుకోట్ల దినముల కూలి, ఇది నూరు దినముల కూలి. ఈ లెక్కను పిల్లల చేత నల్లబల్ల మీద వేయిస్తే సున్నాలు పట్టలేదు.

మరి వెండి తూకము ప్రతిభగా ఎలా మారింది? ఆంగ్లములో ఈ మాట వెయ్యి సంవత్సరములకు పైగా ఉన్నది. మొదట తూకము, సొమ్ము అన్న అర్థమే. మధ్యయుగములో ఫ్రెంచివారి వాడుక నుండి మనసు, కోరిక, ఇష్టము అన్న అర్థము వచ్చి చేరింది. త్రాసు ఒకవైపు వంగినట్టు మనసు ఒకవైపు వంగుట. ఇది విని మాకు ఆశ్చర్యము కలుగలేదు, ఎందుకంటే మన తెలుగులో మొగ్గు అన్నా ఇదే కదా! త్రాసు మొగ్గుతుంది, మనసూ మొగ్గుతుంది. ఒకరికొకరు సరితూగుతారు. మాటకు బరువుంటుంది, మనిషికి విలువుంటుంది. మనమందరము పగలంతా త్రాసు పట్టుకొనే మాట్లాడుతున్నాము. ఆ తరువాత 15వ శతాబ్దము నుండి, ఈ ఉపమానము మీద బోధకులు చేసిన ప్రసంగముల వలన, దేవుడు మనుష్యునికి ఇచ్చిన సహజ సామర్థ్యము అన్న అర్థము ఆంగ్లములో పాతుకొన్నది. క్రమేణ దేవుడు ఇచ్చిన అన్న సగము రాలిపోయి, సామర్థ్యము మిగిలింది. ఇప్పుడు సినిమావారు, క్రికెట్టువారు, ఉద్యోగములు ఇచ్చే కంపెనీలవారు టాలెంటు అంటున్నారంటే, బైబిలు ఎన్నడూ తెరవకపోయినా ఈ ఉపమానములోని మాటనే పలుకుతున్నారు. మిల్టన్ అనే ఆంగ్ల కవికి 1652 నాటికి చూపు పూర్తిగా పోయింది. తన అంధత్వము గూర్చి వ్రాసిన చిన్న పద్యములో ఆయన ఈ మాటను రెండు అర్థములు కలిసేలా వాడాడు. యజమానుడు అప్పగించిన సొమ్మూ అదే, కవిత్వము వ్రాసే శక్తీ అదే. అంతటివాడు వాడితే అందముగానే ఉన్నది.

కాని నాలుగవ రాత్రి మాలో ఒకరము అదే అధ్యాయమును మరల చదువుతూ 15వ వచనము దగ్గర ఆగిపోయాము. యజమానుడు ఒక్కొక్కనికి వాని వాని సామర్థ్యమును బట్టి తలాంతులు పంచాడని అక్కడ ఉన్నది. అంటే సామర్థ్యము వేరు, తలాంతు వేరు! సామర్థ్యము ముందే ఉన్నది, దానిని చూచి తలాంతు ఇచ్చాడు. తలాంతు అంటే సామర్థ్యమే అయితే, సామర్థ్యమును బట్టి సామర్థ్యము ఇచ్చాడని చదువుకోవాలి. అర్థము లేదు. ఉపమానములో తలాంతు దాసుని గొప్పతనము కాదు. అది యజమానుని ఆస్తి, వాని చేతికి అప్పగించబడినది, లెక్క అడుగబడేది.

ఆ రాత్రి మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. ఇద్దరికీ ఒకటే జ్ఞాపకము వచ్చింది. వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది గాని, వ్రాయకపోతే ఈ వ్యాసము ఎందుకు?

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయిది మంచి గొంతు. మూడేండ్ల నుండి పోటీలలో గెలుస్తూనే ఉన్నది. అది తెచ్చిన స్టీలు గ్లాసులలోనే ఇప్పటికీ మేము మజ్జిగ త్రాగుతాము. చిన్నవానికి నత్తి. మాట మొదలుపెట్టుట కష్టము, మొదలుపెడితే మధ్యలో ఆగుతుంది. 2009 డిసెంబరులో వానికి పదకొండేండ్లు. సండేస్కూలు టీచర్ల కొడుకు పోటీలో లేకపోతే బాగుండదని వానిని బలవంతముగా వేదిక ఎక్కించాము. 23వ కీర్తన. ఇంటిలో గోడవైపు తిరిగి మొత్తము చెప్పగలడు. అక్కడ మొదటి మాట మొదటి అక్షరము దగ్గర ఆగిపోయాడు. మైకులో ఆ అక్షరమే పదిసార్లు వినబడింది. ముందు వరుస పిల్లలు నవ్వారు. వాడు దిగి వచ్చాక, అందరూ వింటుండగా, మాలో ఒకరము అన్నాము, "వీడికి దేవుడు ఏ తలాంతూ ఇవ్వలేదు" అని. రెండవవారము ఆ మాటను ఖండించలేదు. అన్నదెవరో ఇక్కడ వ్రాయము. ఇద్దరిదీ అదే తలంపు.

ఆ తరువాత వాడు పోటీల దినమున గుడిలోనికి వచ్చేవాడు కాదు. బయట జనరేటరు వద్ద కూర్చునేవాడు. పదవ తరగతి తప్పాడు. మేము పెద్దమ్మాయి చదువు చూచుకున్నాము, వానిని చూడలేదు. తిండి పెట్టాము, బట్టలు కొన్నాము, కొట్టలేదు. జాగ్రత్తగానే ఉంచాము. ఆ మూడవ దాసుడు కూడ అదే కదా చేసింది.

2019లో వాడు దగ్గర టౌనులోని ఒక ధాన్యపు వ్యాపారి దగ్గర కాటా పనికి కుదిరాడు. బస్తా కాటా మీదికి ఎత్తుట, అంకె చెప్పుట, పుస్తకములో వ్రాయుట. నోటితో చెప్పాల్సినది అంకె ఒక్కటే కాబట్టి వానికి ఆ పని నచ్చింది. రెండు సంవత్సరములు బాగానే గడిచింది. 2021 డిసెంబరు కోతలలో ఒకనాడు మధ్యాహ్నమే సైకిలు మీద ఇంటికి వచ్చేశాడు. పని మానేశానన్నాడు. ఎందుకు అంటే చెప్పలేకపోయాడు. గొంతులో మాట చిక్కుకున్నది, కండ్ల వెంబడి నీళ్ళు వచ్చాయి. మేము ఆగలేదు. "నెలకు పన్నెండు వేలు వచ్చే పని! నోటిముందు కూడు కాలదన్నుకున్నావు" అని ఇద్దరము తిట్టాము.

వారము తరువాత ప్రక్క ఊరి రైతు ఒకాయన అరటిపండ్ల అత్తము పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "మీవాడు ఇంట్లో ఉన్నాడాండీ?" అన్నాడు. సంగతి ఆయన చెబితేనే తెలిసింది. ఆ వ్యాపారి కరెంటు కాటాను 75 కిలోల బస్తాకు రెండు కిలోలు తక్కువ చూపేలా మార్పించాడు. తేమ పేరుతో, చెత్త పేరుతో తీసే తరుగు దీనికి అదనము. మావానిని నోరు మూసుకొని తూయమన్నాడు. ఎలాగూ మాట రాని వాడు, ఎవరికి చెబుతాడని ధైర్యము కాబోలు. వీడు ఏమీ అనలేదు. రైతులు పదిమంది నిలబడి ఉండగా గోడ దగ్గర ఉన్న 20 కిలోల ఇనుప తూకపురాయిని మోసుకొచ్చి కాటా మీద పెట్టి ప్రక్కకు జరిగాడు. అంకె పందొమ్మిదిన్నర చూపింది. అందరూ చూశారు. వీడు సైకిలు తీసుకొని వచ్చేశాడు.

"నోరున్న వాళ్ళము ఎంతమందిమి ఉన్నామండీ అక్కడ" అని ఆ రైతు తల వంచుకున్నాడు. నూరు బస్తాలు తోలిన రైతుకు రెండు క్వింటాళ్ళు పోయేవి. కౌలు రైతుకు అది ఆ పంటలో మిగిలేదంతా. సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటి వచనము దొంగ త్రాసును గూర్చినదే. దానిని మా పెద్దమ్మాయి ఏనాడో కంఠత అప్పజెప్పి గ్లాసు గెలిచింది. మేమే నేర్పాము.

ఆ దినమున కూడ మేము వానిని క్షమాపణ అడుగలేదు. పెద్దవారము గదా! పొదుపు సంఘములో అప్పు తీసి ఒక కాటా కొనిపెట్టాము, అంతే. తూనికలు కొలతల శాఖ వారి ముద్ర వేయించాడు. కోతల కాలములో కళ్ళాల వెంబడి తిరిగి తూస్తాడు, బస్తాకు ఇంతని ఇస్తారు. తన తూకపురాయి తానే మోసుకొనిపోయి, మొదట దానిని పెట్టి చూపించి, తరువాతే ధాన్యము తూస్తాడు. ఇప్పుడు చుట్టుప్రక్కల నాలుగు ఊళ్ళలో వ్యాపారి వచ్చినా రైతు, "ఆ కుర్రాడి కాటా రానివ్వండి" అంటున్నాడు.

నిఘంటువు ముందు కూర్చున్న ఆ రాత్రి ఇదంతా మా మనసులో తిరిగింది. పండ్రెండు సంవత్సరములు తలాంతు లేనివాడని అనుకున్నవాడు పని పోయినా ఫరవాలేదని త్రాసు నిజము పట్టుకున్నాడు. అసలు గ్రీకులో ఆ మాటకు మొదటి అర్థమే త్రాసు! కాని మమ్ములను ఎక్కువ గుచ్చినది అది కాదు. మాకు అప్పగించబడిన తలాంతు పాటా కాదు, సండేస్కూలూ కాదు, వాడే. తెల్లవారి వాడు పండ్లు తోముకుంటుండగా వెళ్ళి, 2009లో అన్న మాట తప్పని ఇద్దరము చెప్పాము. వాడు పుక్కిలించి ఉమిసి, "అ... అదా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రము మాత్రము నిఘంటువు ఎందుకు తెచ్చారని అడిగాడు. 34 కిలోల సంగతి విని చాలాసేపు కూర్చున్నాడు.

తలాంతుల పోటీలు మానాలని మేము అనుట లేదు. పిల్లలు పాడాలి, వాక్యము నేర్వాలి. గత డిసెంబరులో కూడ జరిపాము. కాని ఈ సంవత్సరము జనవరిలో కోతపండుగకు, ఆరాధన అయ్యాక, మావాడు ఎవరూ పిలువకుండానే తన కాటాను గుడి ఆవరణలో వేపచెట్టు క్రింద పెట్టాడు. తూకపురాయి పెట్టి చూపించాడు. కానుకగా వచ్చిన బియ్యమును రెండు సంచులలో పోసి, చేటతో కొంచెము తీస్తూ, కొంచెము పోస్తూ, ఒక్కొక్క సంచి సరిగా 34 వచ్చేవరకు సరిచేశాడు. గేహజీ వెనుక మోసిన రెండు తలాంతులు! పిల్లలు వరుసగా వచ్చి ఎత్తుటకు చూశారు. యౌవనస్థులు ఒక్కొక్కటి భుజము మీద వేసుకొని గుడి చుట్టూ తిరిగి చెమటలు కార్చారు. పాటల పోటీలో మొదటి బహుమానము పొందిన కుర్రవాడు మోకాలి వరకు కూడ ఎత్తలేకపోయాడు, వాని తల్లే అందరికంటె ఎక్కువ నవ్వింది.

ఆఖరున ఆ నాలుగవ తరగతి పాప వచ్చింది. రెండు చేతులతో సంచి మూతి పట్టుకొని లాగింది. అది కదలలేదు. మావాని వైపు చూచి, "ఎంతున్నదన్నా ఇది?" అన్నది.

"ము... ము... ముప్పై..." అని ఆగాడు. ఆవరణలో డెబ్బది ఎనుబది మంది ఉన్నారు. పాప సంచి వదలకుండా వాని ముఖములోనికి చూస్తూ నిలబడింది. "...నాలుగు" అన్నాడు.

"అమ్మో!" అని పాప మరల లాగింది. ఆ బియ్యము సాయంత్రము విధవరాండ్ర ఇండ్లకు పంచాము. వాడే తూచాడు.